ఎవరూ వెయ్యని బీటు డ్యూటీ

నారాయణగూడ చౌరస్తాలో ఒక పోలీసు అధికారి విగ్రహం ఉంది. చిక్కడపల్లి లైబ్రరీకి పోయే విద్యార్థులు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకు ఉరికే నిరుద్యోగులు, ఆఫీసు టైము దాటిపోతోందని పరుగుపెట్టే ఉద్యోగులు రోజూ ఆ దారినే పోతారు. ఆగి తలెత్తి చూసేవాళ్లు తక్కువ.

ఆయన రాజా బహద్దూర్ వెంకట రామారెడ్డి. 1869లో వనపర్తి సంస్థానంలోని ఒక పల్లెలో పుట్టి, 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ నగరానికి కొత్వాల్‌గా పనిచేశారు. 1918లో రెడ్డి హాస్టల్ నిలబడడానికి ముందు నిలిచింది ఆయనే. ఆడపిల్లల చదువుకు అండగా ఉన్నారు. నారాయణగూడలో మహిళా కళాశాలకు ఆయన పేరే, పోలీసు అకాడమీకీ ఆయన పేరే. ఆయన జీవిత చరిత్రను సురవరం ప్రతాపరెడ్డి అంతటివారు రాశారు. 1953లో కన్నుమూసినా నౌకరి దిగిపోయిన కొత్వాల్ యాది నగరంలో చెదరలేదు. మంచిదే. యాది పెట్టుకోవాల్సిన మనిషే.

ఈ వారం మేం రాస్తున్నది మాత్రం విగ్రహం లేని ఇంకో పోలీసాయన గురించి. కొత్వాల్ కాదు, హెడ్ కానిస్టేబుల్. అంబర్‌పేటలో ముప్పై ఏండ్లకు పైగా బతికి, 2023 చలికాలంలో పోయారు. పేరు రాయడం లేదు. ఇంట్లోవాళ్లు వద్దన్నారు. ఆయన ఉన్నా వద్దనే అనేవారు. గల్లీలో అందరూ ఆయనను 'హెడ్డు సాబ్' అనేవారు. మేమూ అట్లనే పిలిచేవాళ్లం. ఇక్కడా అట్లనే రాస్తున్నాం.

ఆయన చేసిన ఘనకార్యం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. ఆయన నడిచేవారు. రోజూ నడిచేవారు. అంతే.

బారికేడ్‌కు అవతలి మనిషి

మేం ఆయనను మొదట చూసింది 2009 డిసెంబరులో. ఉస్మానియా అంతా రగులుతున్న రోజులవి. ఎన్‌సీసీ గేటు దగ్గర ఇటు మేం, అటు ఖాకీలు, నడుమ ముళ్లకంచె. అవతల నిలబడ్డవాళ్లలో తల నెరిసిన ఒక పెద్దాయన ఉన్నారు. చేతిలో లాఠీ ఉంది గానీ, కళ్లు మా మీద లేవు. గేటు పక్కన చెట్టు మీద ఉన్నాయి. మాలో ఒకడు ఊరుకోక, “ఏం జూస్తున్నవ్ సారూ, మేం ఈడున్నం!” అని అరిచాడు. ఆయన నవ్వి, “పాలపిట్ట గూర్చున్నది తమ్మీ. మీరు జర మెల్లగ ఒర్లుండ్రి, ఎగిరిపోతది” అన్నారు.

ఆ క్షణం మాకు కోపం వచ్చింది. రాష్ట్రం కోసం పిల్లలు ప్రాణాలు తీసుకుంటుంటే ఈయనకు పిట్ట కావలసి వచ్చిందా అనిపించింది. అయిదేండ్ల తర్వాత, 2014 నవంబరులో, అదే పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి అయింది. తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. ఆ ప్రకటన విన్నప్పుడు మాకు ముందు యాదికొచ్చింది ఆ గేటు, ఆ చెట్టు, ఆ మనిషే.

మళ్లా ఆయనను కలిసింది 2013లో, అంబర్‌పేటలో మేం కిరాయికి దిగిన గల్లీలో. అప్పటికి రిటైరై ఏడాది దాటింది. 1974లో కానిస్టేబుల్‌గా చేరి, యాభై ఎనిమిది నిండాక 2012లో దిగిపోయారు. ముప్పై ఎనిమిదేండ్ల నౌకరి. ఎండలో బందోబస్తు, వానలో ట్రాఫిక్కు, గణేశ్ నిమజ్జనం, మొహర్రం ఊరేగింపు, ఎన్నికలు, కర్ఫ్యూలు. పండుగ ఎవరిదైనా రోడ్డు మీద నిలబడే వంతు ఆయనదే.

ఒకనాడు అడిగాం: “ఇన్నేండ్లు బయట నిలబడి నిలబడి యాష్ట రాలేదా హెడ్డు సాబ్? పించన్ వస్తుంది గదా, ఇంట్లో ఫ్యాను కింద కూర్చోరాదా?”

ఆయన జవాబు ఇది: “నిలబడుడు వేరు, నడుసుడు వేరు బిడ్డా. ముప్పై ఎనిమిదేండ్లు సర్కారు నిలబెట్టింది. ఇగ నేను నడుస్త.”

పొద్దుగాల అయిదు గంటలకు

అయిదు కొట్టకముందే చెప్పులు తొడిగి బయలుదేరేవారు. ఒక్కో రోజు ఒక్కో దారి. ఒకనాడు గోల్నాక మీదుగా మూసీ ఒడ్డు. ఇంకోనాడు శివం రోడ్డు ఎక్కి ఉస్మానియా లోపలికి. మరోనాడు నల్లకుంట, విద్యానగర్, బాగ్‌లింగంపల్లి చుట్టి ఇందిరాపార్కు దాకా. చేతిలో కర్ర, జేబులో ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను. పోలీసోళ్లు బీటులో తిరిగేటప్పుడు సంతకం పెట్టే అలవాటు ఉంటుంది గదా, ఆ అలవాటు పోలేదు. తారీఖు, టైము, చూసింది. అంతే రాసుకునేవారు.

ఆ పుస్తకాలను వాళ్లింట్లో మాకు చూపించారు. కవిత్వం ఏమీ లేదు. “మర్రిచెట్టు కొమ్మ నరికిండ్రు, కరెంటోళ్లు అన్నరు.” “నాలాల కొత్తగ మట్టి పోసిండ్రు, మూడు ట్రాక్టర్లు.” “తంగేడు పూసింది, రెండే చెట్లు.” “నీళ్ల కోడి లేదు, వారం అయింది.” పోలీసు స్టేషన్‌లో జనరల్ డైరీ రాసినట్టే ఉంటుంది. ఫిర్యాది ఎవరూ లేరు, నిందితుడి పేరు లేదు. చూసిన సంగతి మాత్రం ఉంది.

ఆయనకు అడవులంటే ప్రాణం. సెలవు దొరకని నౌకరిలో ఆ ముచ్చట తీరలేదు. రిటైరయ్యాక వికారాబాద్ రైలెక్కి అనంతగిరి గుట్టలకు పోయి వచ్చేవారు. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. ఆడ పుట్టిన నీళ్లు దాదాపు రెండు వందల నలభై కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. హెడ్డు సాబ్ సొంతూరు ఆ దిగువనే, మూసీ ఒడ్డునే. “పుట్టిన కాడ జూసొచ్చిన బిడ్డా. అద్దం లెక్కున్నయి నీళ్లు. మనూర్ల కాడికొచ్చేటాలకు నురుగు. నడిమిట్ల ఏమైందో అంబర్‌పేటల నిలబడితె తెలుస్తది” అనేవారు.

అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. అది ఉన్నా దిగువ రైతుల గోస తీరలేదు. నగరం వాడి వదిలిన నీళ్లతోనే వాళ్లు వరి పండిస్తున్నారు, పశువులకు గడ్డి పెంచుతున్నారు. ఒకే నది. ఎగువన ఉన్నవాడికి అది నాలా, దిగువన ఉన్నవాడికి అది పొలం. ఈ ముక్క మాకు ఏ సెమినార్‌లోనూ అంత సూటిగా అర్థం కాలేదు. ఆయన వెంట గోల్నాక దగ్గర ముక్కు మూసుకుని నిలబడ్డప్పుడు అర్థమైంది.

పోలీసు నౌకరికి తయారయ్యే పిల్లలు ఉస్మానియా మైదానాల్లో పరుగు ప్రాక్టీసు చేస్తుంటే ఆయన ఆగేవారు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. చేతి గడియారం చూసి టైము చెప్పేవారు. చివర ఒక మాట కలిపేవారు: “ఉరుకుడు నౌకరి కోసం నేర్వుండ్రి. నడుసుడు మీ కోసం నేర్వుండ్రి.” పిల్లలు నవ్వేవాళ్లు. మేమూ నవ్వినవాళ్లమే.

పేర్లలో మిగిలిన నీళ్లు

మన దిక్కు బస్తీల పేర్లు ఒకసారి నిదానంగా చదవండి. నల్లకుంట. బతుకమ్మకుంట. బాగ్‌లింగంపల్లి. బాగ్ అంబర్‌పేట. మూసారాంబాగ్. కుంటలు, బాగులు. అంటే నీళ్లు, తోటలు. పేర్లలో ఉన్నాయి, నేల మీద ఎక్కడ? నల్లకుంట అంటే మనకు కూరగాయల మార్కెట్టు, ఫీవర్ ఆసుపత్రి. కుంట ఎవరికీ తెలియదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు పోయే నాలా అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, గోల్నాకలను తాకుతూ మూసీలో కలుస్తుంది. వాన గట్టిగా పడ్డ రాత్రి దాని పక్కనున్న గల్లీలు నిద్రపోవు. నీళ్లకు పాత దారి యాదికుంటుంది, మనమే మరిచిపోతాం.

హెడ్డు సాబ్ మమ్మల్ని మొదటిసారి బతుకమ్మకుంటకు తీసుకపోయింది 2013లోనే. “పటేల్‌నగర్ దిక్కు పోదాం, ఒక చెరువు జూపిస్త” అన్నారు. పోతే అక్కడ తుమ్మచెట్లు, ముళ్లపొదలు, కూలగొట్టిన ఇండ్ల మట్టి, చెత్త. చెరువేది? ఆయన కర్రతో నేలను కొట్టి, “ఈడ. దీని కిందున్నది” అన్నారు. కొత్తగా నౌకరిలో చేరినప్పుడు ఆ గట్టు మీద బతుకమ్మ బందోబస్తు చేశారట. ఆడోళ్లు పూలు పేర్చుకుని వచ్చి, ఆడి పాడి, ఆ నీళ్లలోనే సాగనంపేవారట. తెలంగాణ పండుగ పేరునే ఊరి కుంటకు పెట్టుకున్న బస్తీ మనది.

ఆయన మాటకు రికార్డు సాక్ష్యం ఉంది. 1962-63 లెక్కల ప్రకారం బాగ్ అంబర్‌పేటలోని సర్వే నంబర్ 563లో ఈ కుంట 14.06 ఎకరాలు. ఇటీవలి సర్వేలో తేలింది 5.15 ఎకరాలే. మూడొంతుల్లో దాదాపు రెండొంతులు నేలలో కలిసిపోయింది.

ఇదంతా ఏ ఒక్క రాత్రో జరిగింది కాదు. ఒక ట్రాక్టరు మట్టి, ఇంకో ట్రాక్టరు మట్టి. ఈ ఏడు ఒక గోడ, వచ్చే ఏడు ఒక గేటు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, కుంట మట్టి కింద ఉంది. ఎందుకు? చట్టానికి కాళ్లు లేవు కాబట్టి. ఎవరో ఒకరు రోజూ పోయి చూసి, నిన్న లేనిది ఇయ్యాల ఉంటే గొంతెత్తితే తప్ప చట్టం లేచి రాదు.

ఆనాడు ఆ పొదల నడుమ నిలబడి హెడ్డు సాబ్ అడిగిన మాట మేం మరిచిపోలేం: “రాష్ట్రం గావాల్నని ఢిల్లీ దాక బోతిరి. బతుకమ్మను నెత్తిన బెట్టుకోని ఊరేగితిరి. మీ గల్లీల బతుకమ్మ పేరున్న కుంట యాడున్నదో మీకు తెల్వదాయె. గిదేం కథ?”

మా దగ్గర జవాబు లేదు. తంగేడు, గునుగు, కట్ల పూలు కుండీల్లో పూయవు. బీడులో, గట్టు మీద, చెలకల్లో పూస్తాయి. పేర్చిన బతుకమ్మను సాగనంపడానికి నీళ్లు కావాలి. మొదలు నుంచి చివరి దాకా అది బయలు పండుగ. బయలు లేకుంటే బతుకమ్మ స్టేజీ మీద డాన్సు అవుతుంది, పూలు మార్కెట్టు సరుకవుతాయి. ఊర్లలో చెరువుల పూడిక తీయడానికి 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. దాని మంచిచెడుల మీద ఎంతైనా వాదించుకోవచ్చు, కానీ చెరువు మనదే అన్న సోయి ఊర్లకు మళ్లా వచ్చింది. బస్తీకి ఆ సోయి రావడానికి ఇంకా పదేండ్లు పట్టింది.

మేం బాకీ పడ్డ సంగతి

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ రోజు ఆయన మమ్మల్ని ఒక్కటే కోరారు. “నువ్వు పేపరోనివి గదా బిడ్డా, ఈ కుంట మీద నాలుగు ముక్కలు రాయి” అన్నారు. రాస్తాం అన్నాం. అప్పుడు ఉద్యమం ఉంది, తర్వాత ఎన్నికలు వచ్చాయి, రాష్ట్రం వచ్చింది, నియామకాల గొడవ వచ్చింది. ప్రతి వారం కుంట కంటే పెద్ద వార్త ఒకటి ఉండనే ఉండేది. కనబడ్డప్పుడల్లా ఆయన అడగడం, వచ్చే వారం అని మేం చెప్పడం. చివరి మూడు నాలుగేండ్లు ఆయన అడగడం కూడా మానేశారు. 2023 చలికాలంలో ఒక పొద్దున ఆయన బీటుకు బయలుదేరలేదు. మేం రాయని ఆ నాలుగు ముక్కలు అట్లనే ఉండిపోయాయి.

ఆయన పోయిన తర్వాత కుంటకు దినం తిరిగింది. మాజీ ఎంపీ వి.హనుమంతరావు లాంటివాళ్లు, స్థానికులు ఏండ్ల తరబడి పట్టుబట్టిన పోరాటం అది. 2024 జూలైలో ప్రభుత్వం హైడ్రాను ఏర్పాటు చేసింది. దానికి కమిషనర్‌గా పెట్టింది ఐపీఎస్ అధికారి ఏ.వి.రంగనాథ్‌ను. 2025 ఫిబ్రవరిలో యంత్రాలు దించి పొదలు తీసి తవ్వితే, కొన్ని అడుగుల లోతులోనే నీళ్లు ఉబికాయి. పైపు పగిలిందేమోనని అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు. పైపు కాదు, ఊట. హెడ్డు సాబ్ కర్రతో కొట్టి 'దీని కిందున్నది' అన్నది పన్నెండేండ్ల తర్వాత నిజమై పైకొచ్చింది.

ఏడు కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో బాగు చేసిన ఆ కుంటను 2025 సెప్టెంబరు 28న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. దానికి ఒకటి రెండు రోజుల ముందే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి, మూసారాంబాగ్ వంతెన మునిగింది. ఇంకో సంగతి. 1908లో వేల ప్రాణాలు తీసిన మూసీ వరద వచ్చింది కూడా సెప్టెంబరు 28నే. ఆ వరద తర్వాత హైదరాబాద్ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది. నీళ్లకు జాగ ఇవ్వాలని ఆనాడు నేర్చుకుంది. ఆ పాఠాన్ని నడుమ వందేండ్లలో ఒక్కో ట్రాక్టరు మట్టి పోస్తూ మరిచిపోయింది.

ప్రారంభం రోజున మేం గట్టు మీదున్నాం. ఆడబిడ్డలు బతుకమ్మలతో వచ్చారు. లైట్లు, మైకులు, నాయకులు. ఆ గుంపులో చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన కోసం మా కళ్లు వెతికాయి. లేడని తెలిసి కూడా వెతికాయి.

బుల్డోజర్ కంటే ముందు

కుంట తిరిగొచ్చింది గదా, ఇంక బాధ దేనికి అని కొందరు అంటారు. మా వాదన ఇక్కడే మొదలవుతుంది.

పోయిన కుంట తేవడానికి ఒక సంస్థ కావలసి వచ్చింది, కోర్టులు కావలసి వచ్చాయి, కోట్లు కావలసి వచ్చాయి. అంత చేసినా తిరిగొచ్చింది మూడో వంతు పైచిలుకే. మిగిలింది రాదు. రావాలంటే దాని మీద దశాబ్దాలుగా బతుకుతున్న కుటుంబాల గోడలు పడాలి. 2024లో నగరంలోని వేరే చెరువుల దగ్గర ఇండ్లు కూలినప్పుడు ఆడోళ్ల ఏడుపులు మనం టీవీల్లో చూశాం. హైడ్రా తీరు మీద హైకోర్టు కూడా ఆనాడు గట్టిగానే ప్రశ్నలు వేసింది. చెరువు జాగ అని తెలియక కొన్నవాడు, తెలిసి అమ్మినవాడు, చూసి వదిలేసినవాడు ముగ్గురూ ఉన్నారు. ఇల్లు పోయింది మాత్రం మొదటివాడికే.

కాబట్టి బుల్డోజర్ మంచిదా చెడ్డదా అనే వాదన మాకు సగం వాదనగానే కనబడుతుంది. బుల్డోజర్ అవసరం పడిందంటేనే ఇరవై ముప్పై ఏండ్ల కింద ఎవరో బీటు తిరగలేదని అర్థం. మొదటి ట్రాక్టరు మట్టి పడ్డనాడే ఒకరు చూసి, పదిమందికి చెప్పి, తారీఖు రాసి పెట్టి ఉంటే గోడ లేచేదే కాదు. గోడ లేవకపోతే కూలే పనే లేదు. హెడ్డు సాబ్ నోటుబుక్కు విలువ అదే. దానికి పెట్టుబడి ఒక పెన్ను, ఒక జత చెప్పులు.

రిటైరైన మనిషి సరదా నడకకు ఇంత బరువు పెడుతున్నారేమిటి అని అడగవచ్చు. పని అధికారులది, వాళ్లకు జీతాలు ఇస్తున్నాం గదా అనవచ్చు. నిజమే, బాధ్యత వాళ్లదే. దాన్ని వాళ్ల నెత్తి మీది నుంచి దించమని మేం అనడం లేదు. కానీ అధికారి మారుతాడు. మూడేండ్లకు ఒకరు వస్తారు, పోతారు. బస్తీవాడు ఉంటాడు. సరిహద్దు ఎక్కడుండేదో చెప్పగలిగేది మారని మనిషే. హెడ్డు సాబ్ ఇష్టంతో నడిచారు, మొక్కుబడికి కాదు. ఇష్టం ఉన్నవాడే ఇరవై ఏండ్ల కిందటి చెట్టును యాది పెట్టుకుంటాడు. బయలును ప్రేమించని మనిషికి దాని జాగ తగ్గిందని ఎట్ల తెలుస్తుంది?

ఇది మనకు కొత్త కూడా కాదు. ఊర్లలో బొడ్రాయి పండుగనాడు ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లుకుంటూ తిరుగుతారు. దాన్ని మనం దేవుడి పనిగానే చూశాం. అందులో ఇంకో పని కూడా ఉంది. మన ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తరం తర్వాత తరం కాలితో నేర్చుకోవడం. ఇంగ్లండ్ పల్లెల్లో కూడా ఏడాదికోసారి పిల్లలను వెంటబెట్టుకుని సరిహద్దుల వెంట నడిచే పాత ఆచారం ఉంది. నక్షాలు అందరి చేతుల్లో లేని కాలంలో కాళ్లే రికార్డు. ఇప్పుడు నక్షాలు ఫోన్లో ఉన్నాయి, కాళ్లు ఇంట్లో ఉన్నాయి.

ఇగ మనం నడవాలి

మేం అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి బస్తీలో ఉన్న కుంట, నాలా, పార్కు, మైదానం హద్దులను సర్కారు అందరికీ తెలిసేట్టు రాళ్లు పాతి, బోర్డు మీద సర్వే నంబర్‌తో, విస్తీర్ణంతో రాయాలి. అది సర్కారు పని. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, బతుకమ్మకు ముందు ఒకసారి, బస్తీవాళ్లు ఆ హద్దుల వెంట నడవాలి. అది మన పని.

రిటైరైన ఉద్యోగులారా, మీ దగ్గర అనుభవం ఉంది, ఫైలు భాష తెలుసు, పొద్దున తీరిక ఉంది. పార్కులో నలుగురు కూర్చుని మాట్లాడే రాజకీయం మాట్లాడండి, కాదనం. వారానికి ఒకరోజు ఆ నలుగురూ నాలా వెంట నడవండి. అశోక్‌నగర్ తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, గ్రూప్స్ కోసం తెలంగాణ భౌగోళికం బట్టీ పడుతున్నారు. మూసీ ఎక్కడ పుట్టింది అంటే టక్కున చెబుతారు. మీ హాస్టల్ వెనక పారే నాలా ఎక్కడ కలుస్తుందో ఒక ఆదివారం నడిచి చూడండి. రేపు మీలో కొందరు ఎస్సైలు అవుతారు, తహసీల్దార్లు అవుతారు. అప్పుడు ఆ నడక మీ సంతకంలోకి వస్తుంది.

ఉద్యమంలో మనం చాలా నడిచాం. 2011 మార్చిలో మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్‌బండ్ దాకా నడిచాం. జెండా పట్టుకుని నడిచిన నడకకు ఫొటోలు ఉన్నాయి, పాటలు ఉన్నాయి. ఎవరూ చూడని పొద్దుగాల, జెండా లేకుండా, జిందాబాద్ లేకుండా నడిచే నడకకు ఏమీ ఉండదు. వచ్చిన రాష్ట్రంలో నేల నేలగా, నీళ్లు నీళ్లుగా మిగలాలంటే ఈ రెండో నడక కావాలి.

నారాయణగూడ చౌరస్తాలో కొత్వాల్ విగ్రహం ఉంది, ఉండాలి. హెడ్డు సాబ్‌కు విగ్రహం పెట్టమని మేం అడగడం లేదు. బతుకమ్మకుంట గట్టు మీద బోర్డు కూడా అడగడం లేదు. ఆయన నోటుబుక్కుల్లో చివరిదాంట్లో సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాళ్ల బిడ్డ ఆ పుస్తకం మా చేతిలో పెట్టి, “మీరు రాస్తనన్నరట గదా అన్నా” అన్నది.

పోయిన ఆదివారం పొద్దుగాల అయిదున్నరకు మేం బతుకమ్మకుంట చుట్టూ ఒక రౌండు తిరిగి వచ్చాం. తారీఖు వేసి రాశాం: “గట్టు బాగున్నది. తూర్పు దిక్కు కంచె పక్కన చెత్త ఒక బస్తా. నీళ్లల్ల కొంగలు మూడు.” వచ్చే ఆదివారం మళ్లా పోతున్నాం. అంబర్‌పేట దిక్కు ఉన్నవాళ్లు రండి. పెన్ను తెచ్చుకోండి.